నిర్వచనం అందరూ చెబుతారు.. మీరు మిర్చి యార్డు చెప్పండి!

సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో ‘ఊప్స్’ ప్రశ్నలు.. ఊళ్లోనే జవాబులు

బోనకల్ స్టేషన్‌లో రైలెక్కి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు బయల్దేరారనుకోండి. దారి పొడవునా ఫోన్‌లో నోట్సు తిరగేశారు. ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం. నాలుగు నిర్వచనాలూ నోటికొచ్చేశాయి. ఇంటర్వ్యూలో కూర్చోగానే మొదటి ప్రశ్న అదే పడింది. ‘ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఏంటి?’ గడగడా చెప్పేశారు. ఎదురుగా ఉన్న మేడమ్ తలూపి, ‘సరే, అది లేకపోతే ఏమవుతుందండీ?’ అన్నారు. అక్కడ మాట ఆగిపోయింది.

చాలామంది ఫ్రెషర్లు తడబడేది సరిగ్గా ఈ రెండో ప్రశ్న దగ్గరే. మొదటి ప్రశ్నకు జవాబు అందరి దగ్గరా ఉంటుంది. అదే పుస్తకం, అవే వీడియోలు, అవే వాక్యాలు. ఉదాహరణ అడిగితే అందరూ కారు, కుక్క, బ్యాంకు ఖాతా అంటారు. రోజుకు ఇరవై మందిని చూసే ఇంటర్వ్యూయర్‌కు అవి విని విని విసుగొస్తుంది. ఆయనకు కావాల్సింది నిర్వచనం కాదు. ఆ కాన్సెప్ట్ ఎందుకు పుట్టిందో, అది లేకపోతే ఏ పని చెడుతుందో మీకు తెలుసా అన్నదే.

దీనికి ఒక దారి ఉంది. మీకు బాగా తెలిసిన పని ఒకటి తీసుకోండి. దాన్ని కాగితం మీద క్లాసులుగా గీయండి. ఏ ప్రశ్న వచ్చినా ఆ బొమ్మలోంచే జవాబు తీయండి. బోనకల్ చుట్టుపక్కల పిల్లలకు అలాంటి పని వెతుక్కోనక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన మిర్చి, పత్తి, వరి ఎలా అమ్ముడవుతాయో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఖమ్మం మార్కెట్‌కు నాన్నతో ఒక్కసారి వెళ్లినా చాలు, సగం సిలబస్ కళ్లతో చూసినట్టే.

‘ఊరి ముచ్చట ఇంటర్వ్యూలో చెబితే చిన్నచూపు చూస్తారేమో’ అన్న బెరుకు వద్దు. ఈ పద్ధతి పుట్టిందే బయటి ప్రపంచాన్ని కంప్యూటర్‌లో దింపడానికి. 1960ల్లో నార్వేలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు, నిజజీవితంలోని పనులు ఎలా నడుస్తాయో కంప్యూటర్‌లో అనుకరించి చూడటానికి ‘సిమ్యులా’ భాషను తయారుచేశారు. క్లాస్, ఆబ్జెక్ట్, ఇన్‌హెరిటెన్స్ అన్నవి ‘సిమ్యులా 67’లోనే వచ్చాయి. ‘ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్’ అన్న పేరు పెట్టింది అలన్ కే. సీ ప్లస్ ప్లస్, జావా ఆ తర్వాత వచ్చినవే. కాబట్టి మీరు యార్డు ఉదాహరణ చెబితే దారి తప్పినట్టు కాదు, మూలానికి వెళ్లినట్టు.

క్లాస్, ఆబ్జెక్ట్: లాట్ నుంచి మొదలు

పంట అమ్మకాలకు ఒక సాఫ్ట్‌వేర్ రాస్తున్నామనుకుందాం. యార్డుకు వచ్చిన ప్రతి రాశికీ ఒక లాట్ నంబరు, రైతు పేరు, బస్తాలు, బరువు ఉంటాయి. ‘లాట్ అంటే ఈ వివరాలుండాలి, దాంతో ఈ పనులు చేయొచ్చు’ అని చెప్పే నమూనా.. క్లాస్. ఇవాళ పొద్దున మీ నాన్న దించిన ఇరవై బస్తాల రాశి.. ఆబ్జెక్ట్. నమూనా ఒకటే, రాశులు వందలు.

ఇక్కడే కన్‌స్ట్రక్టర్ కూడా చెప్పేయొచ్చు. రైతు పేరు, లాట్ నంబరు లేకుండా గేటు దగ్గర రాశిని లోపలికి రానివ్వరు కదా! ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడే ఉండాల్సిన వివరాలు ఉండేలా చూసేది కన్‌స్ట్రక్టర్. ‘కన్‌స్ట్రక్టర్ ఎందుకు?’ అంటే ‘వేరియబుళ్లకు విలువలివ్వడానికి’ అని ఆపేయకండి. ‘సగం వివరాలతో ఆబ్జెక్ట్ పుట్టకుండా ఉండటానికి’ అనండి. తేడా ఇంటర్వ్యూయర్ ముఖంలోనే కనిపిస్తుంది.

ఎన్‌క్యాప్సులేషన్: కాంటాకు సీలు ఎందుకు?

ఇప్పుడు మేడమ్ అడిగిన ప్రశ్నకు వద్దాం. లాట్ క్లాసులో ‘బరువు’ అందరికీ అందుబాటులో ఉందనుకోండి. అంటే పబ్లిక్. ప్రోగ్రామ్‌లో ఎక్కడి నుంచైనా ఎవరైనా దాన్ని మార్చొచ్చు. క్వింటా 15 వేల చొప్పున 8 క్వింటాళ్లకు రావాల్సింది లక్షా 20 వేలు. ఎక్కడో ఒక లైను పొరపాటున బరువును 7.8 చేసింది. 20 కిలోల తేడా, 3 వేల రూపాయలు పోయాయి. ఆ లైను ఎక్కడుందో వెతకాలంటే వేల లైన్ల కోడ్ మొత్తం తిరగేయాలి.

అదే బరువును ప్రైవేట్ చేసి, ‘తూకం నమోదు’ అనే ఒక్క మెథడ్ ద్వారానే మారేలా పెడితే? సున్నా కన్నా తక్కువ బరువు వస్తే ఆ మెథడ్ ఒప్పుకోదు. ఒకసారి బిల్లు అయ్యాక మార్చనివ్వదు. తప్పు జరిగినా వెతకాల్సిన చోటు ఒక్కటే. ‘అది లేకపోతే ఏమవుతుంది?’ అన్నదానికి ఇదీ జవాబు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘అన్ని వేరియబుళ్లనూ ప్రైవేట్ చేసి, అన్నింటికీ గెటర్లు, సెటర్లు రాస్తే ఎన్‌క్యాప్సులేషన్ అయిపోయినట్టే’ అని చాలామంది చెబుతారు. ఏ తనిఖీ లేని సెటర్ రాస్తే తలుపుకు తాళం వేసి తాళంచెవి గడప మీద పెట్టినట్టే. సెటర్ నిజంగా అవసరమా అని ముందు ఆలోచించాలి. ఈ మాట మీ అంతట మీరు చెబితే మంచి మార్కులు పడతాయి.

అబ్‌స్ట్రాక్షన్‌కూ దీనికీ తేడా ఏంటి?

ఫ్రెషర్లను ఎక్కువగా తికమక పెట్టే ప్రశ్న ఇది. ఎలక్ట్రానిక్ కాంటానే చూడండి. బస్తా పెట్టగానే అంకె కనిపిస్తుంది. లోపల సెన్సర్ ఎలా పనిచేస్తుందో రైతుకు తెలియనక్కర్లేదు. అవసరమైంది చూపించి మిగతాది కనపడనీయకపోవడం.. అబ్‌స్ట్రాక్షన్. అదే కాంటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంటుంది. లోపలి అమరికను ఎవరూ తిప్పకుండా కాపాడటం.. ఎన్‌క్యాప్సులేషన్. మొదటిది ‘ఏం చూపించాలి?’ అన్న ఆలోచన. రెండోది ‘లోపలున్నదాన్ని ఎలా కాపాడాలి?’ అన్న ఏర్పాటు. ఒకే కాంటా, రెండు కాన్సెప్టులు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇన్‌హెరిటెన్స్: ఎక్కడ వాడాలి, ఎక్కడ ఆపాలి?

మిర్చి లాట్, పత్తి లాట్, ధాన్యం లాట్.. మూడింటికీ రైతు పేరు, లాట్ నంబరు, బరువు ఉమ్మడి. వాటిని మూడుసార్లు రాయకుండా ‘లాట్’ అనే పేరెంట్ క్లాసులో పెట్టి మిగతా మూడూ దాన్నుంచి తెచ్చుకుంటాయి. ‘కోడ్ రీయూజ్ కోసం’ అని అందరూ చెప్పేది ఇంతవరకే.

అసలు పరీక్ష దీని తర్వాత ఉంది. మిర్చిని ధర లేనప్పుడు కోల్డ్ స్టోరేజీలో పెడతారు. అందుకని ‘కోల్డ్ స్టోరేజీకి పంపు’ అన్న మెథడ్‌ను లాట్ క్లాసులో పెట్టేశారనుకోండి. ఇప్పుడు పత్తి లాట్‌కు కూడా ఆ మెథడ్ వచ్చేసింది. పత్తిని ఎవరైనా కోల్డ్ స్టోరేజీలో పెడతారా? ఆ పిల్ల క్లాసులో మీరు ఎర్రర్ పడేసి చేతులు దులుపుకోవాలి. పేరెంట్ ఉన్న ప్రతిచోటా చైల్డ్ ఇబ్బంది లేకుండా సరిపోవాలన్నది నియమం. దీన్ని బార్బరా లిస్కోవ్ పేరుతో లిస్కోవ్ సబ్‌స్టిట్యూషన్ ప్రిన్సిపల్ అంటారు. ‘సాలిడ్’ సూత్రాల్లో మూడోది ఇదే. మన పత్తి లాట్ ఆ నియమాన్ని తప్పింది.

పరిష్కారం? ఆ మెథడ్‌ను విడిగా ఒక ఇంటర్‌ఫేస్‌లో పెట్టండి. దాన్ని మిర్చి లాట్ మాత్రమే అమలు చేస్తుంది. ‘ఇంటర్‌ఫేస్ ఎందుకు?’ అన్న ప్రశ్నకు కూడా జవాబు దొరికేసింది.

ఇంకో మాట. ‘ఈజ్ ఏ’, ‘హ్యాజ్ ఏ’ తేడా తప్పకుండా అడుగుతారు. మిర్చి లాట్ ఒక లాటే. ఇది ఈజ్ ఏ, కాబట్టి ఇన్‌హెరిటెన్స్. లాట్‌కు ఒక రైతు ఉంటాడు. ఇది హ్యాజ్ ఏ, కాబట్టి కంపోజిషన్. రైతు పేరు, ఫోన్ నంబరు కావాలి కదా అని రైతు క్లాస్ నుంచి లాట్‌ను ఇన్‌హెరిట్ చేస్తే రాశి కాస్తా రైతైపోతుంది! నవ్వొస్తుంది గానీ, కంగారులో ఇలాంటి డిజైన్లు గీసేవాళ్లు ఉంటారు.

పాలిమార్ఫిజం: ధర ఒక్కో పంటకు ఒక్కోలా

నాలుగింట్లో ఎక్కువ లోతుగా అడిగేది ఇదే. లాట్ క్లాసులో ‘ధర లెక్క’ అనే మెథడ్ ఉంది. కానీ లెక్క మూడు పంటలకూ ఒకటి కాదు.

మిర్చికి కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో చోటు లేదు. వేలమే ఆధారం. పొద్దున జెండా పాటలో పలికిన ధర అందరికీ రాదు. రంగు, తేమ, తాలు చూసి ఒక్కో రాశికి ఒక్కో ధర కడతారు. పత్తికి మద్దతు ధర ఉంది. సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం లోపుంటే పూర్తి ధర, ఆపైన 12 శాతం దాకా కోత, అదీ దాటితే కొనరు. ధాన్యానికి తేమ పరిమితి 17 శాతం.

పాలిమార్ఫిజం తెలియని ప్రోగ్రామర్ ఏం చేస్తాడు? ‘మిర్చి అయితే ఇలా, పత్తి అయితే అలా, ధాన్యం అయితే ఇంకోలా’ అని ఇఫ్, ఎల్స్‌లు పేర్చుకుంటూ పోతాడు. రేపు మొక్కజొన్న చేరితే? ధర లెక్కేసిన ప్రతిచోటా వెతికి ఇంకో ఇఫ్ పెట్టాలి. ఒక్కచోట మరిచిపోతే మొక్కజొన్న రైతుకు బిల్లు తప్పు వస్తుంది. పాలిమార్ఫిజం తెలిసినవాళ్లు ప్రతి పిల్ల క్లాసులో ‘ధర లెక్క’ను దాని పద్ధతిలో ఓవర్‌రైడ్ చేస్తారు. బిల్లు రాసే కోడ్ మాత్రం ‘లాట్, నీ ధర లెక్కేయి’ అంటుంది అంతే. ఏ లాట్ వస్తే ఆ లెక్క నడుస్తుంది. మొక్కజొన్నకు కొత్త క్లాస్ ఒకటి రాస్తే సరి, పాత బిల్లు కోడ్‌ను ముట్టుకోనక్కర్లేదు.

ఇది రన్‌టైమ్ పాలిమార్ఫిజం. ఇక కంపైల్ టైమ్ పాలిమార్ఫిజం అంటే ఓవర్‌లోడింగ్. ‘బిల్లు చూపించు’ అనే ఒకే పేరుతో రెండు మెథడ్లు ఉంటాయి. ఒకదానికి లాట్ నంబరు ఇస్తే చాలు. రెండోదానికి రైతు పేరు, తేదీ ఇవ్వాలి. ఇచ్చిన వివరాలను బట్టి ఏది నడవాలో కంపైలరే తేలుస్తుంది. గుర్తుంచుకోండి: రిటర్న్ టైప్ ఒక్కటే మారిస్తే అది ఓవర్‌లోడింగ్ కాదు, కంపైల్ ఎర్రర్.

అబ్‌స్ట్రాక్ట్ క్లాసా? ఇంటర్‌ఫేసా?

మన ‘లాట్’ను మళ్లీ చూడండి. యార్డులో ఉత్త ‘లాట్’ అనేది ఎక్కడైనా ఉంటుందా? మిర్చి లాటో పత్తి లాటో ఉంటుంది. కాబట్టి లాట్‌ను అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ చేయాలి. దానికి సొంత డేటా ఉంటుంది, రాసి పెట్టిన మెథడ్లు ఉంటాయి, ‘ధర లెక్క’ లాంటి ఖాళీ మెథడ్లూ ఉంటాయి. దాన్నుంచి నేరుగా ఆబ్జెక్ట్ చేయలేం.

ఇంటర్‌ఫేస్ అలా కాదు. అది ఒక ఒప్పందం. ‘కోల్డ్ స్టోరేజీలో పెట్టగలిగినది’ అన్న సామర్థ్యాన్ని మాత్రమే చెబుతుంది. ఆబ్జెక్టుకు సంబంధించిన డేటా అందులో ఉండదు. జావాలో ఒక క్లాస్ ఒకే క్లాసును ఎక్స్‌టెండ్ చేయగలదు గానీ ఎన్ని ఇంటర్‌ఫేసులనైనా అమలు చేయగలదు. దగ్గరి బంధుత్వం, ఉమ్మడి డేటా ఉంటే అబ్‌స్ట్రాక్ట్ క్లాస్. సంబంధం లేని క్లాసులకు ఒకే సామర్థ్యం కావాలంటే ఇంటర్‌ఫేస్. ‘ఇంటర్‌ఫేస్‌లో బాడీ ఉన్న మెథడ్ ఉండదు’ అని మాత్రం చెప్పకండి. 2014లో వచ్చిన జావా 8 నుంచి డిఫాల్ట్, స్టాటిక్ మెథడ్లు ఉంటున్నాయి. పాత నోట్సు చదివినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

తిరకాసు ప్రశ్నలు

ఇవి చిన్నగా కనిపిస్తాయి. జవాబుతో పాటు ‘ఎందుకు’ కూడా చెప్పాలి.

* స్టాటిక్ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేయొచ్చా? చేయలేం. అది ఆబ్జెక్టుది కాదు, క్లాసుది. పిల్ల క్లాసులో అదే పేరుతో రాస్తే పాతది మరుగున పడుతుంది, దాన్ని మెథడ్ హైడింగ్ అంటారు.

* ప్రైవేట్ మెథడ్‌ను? అదీ కుదరదు. పిల్ల క్లాసుకు అది కనిపించదు కాబట్టి.

* మెయిన్ మెథడ్‌ను ఓవర్‌లోడ్ చేయొచ్చా? చేయొచ్చు. కానీ ప్రోగ్రామ్ మొదలయ్యేది జేవీఎం గుర్తించే మెయిన్ నుంచే. మిగతావాటిని మనమే పిలవాలి.

* అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకు కన్‌స్ట్రక్టర్ ఉంటుందా? ఉంటుంది. నేరుగా ఆబ్జెక్ట్ చేయలేకపోయినా, పిల్ల క్లాస్ ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు పేరెంట్ వివరాలు నింపేది అదే.

* జావాలో క్లాసులకు మల్టిపుల్ ఇన్‌హెరిటెన్స్ ఎందుకు లేదు? ఇద్దరు పేరెంట్లలో ఒకే పేరున్న మెథడ్ ఉంటే ఏది తీసుకోవాలన్న చిక్కు వస్తుంది. దీన్నే డైమండ్ ప్రాబ్లమ్ అంటారు. రెండు ఇంటర్‌ఫేసుల్లో ఒకే డిఫాల్ట్ మెథడ్ ఉంటే, మన క్లాసులో దాన్ని మనమే ఓవర్‌రైడ్ చేసి తేల్చాలి. లేదంటే కంపైల్ కాదు. సీ ప్లస్ ప్లస్‌లో మల్టిపుల్ ఇన్‌హెరిటెన్స్ ఉంది, అక్కడ ఈ చిక్కుకు వర్చువల్ ఇన్‌హెరిటెన్స్ వాడతారు.

* జావా నూటికి నూరుపాళ్లు ఆబ్జెక్ట్ ఓరియెంటెడా? కాదు. ఇంట్, క్యార్, బూలియన్ లాంటి 8 ప్రిమిటివ్ టైపులు ఆబ్జెక్టులు కావు.

* ఈక్వల్స్‌ను ఓవర్‌రైడ్ చేసి హ్యాష్‌కోడ్ వదిలేస్తే? రెండు ఆబ్జెక్టులు సమానమని మీ క్లాస్ చెబుతుంది. హ్యాష్‌మ్యాప్ మాత్రం వాటిని వేర్వేరు అరల్లో వెతకొచ్చు. పెట్టిన లాట్ మళ్లీ దొరక్కపోవచ్చు.

* సీ ప్లస్ ప్లస్ అని రెజ్యూమెలో రాశారా? వర్చువల్ డిస్ట్రక్టర్ చదవండి. పైథాన్ రాశారా? అందులో ప్రైవేట్ అన్నది జావాలోలా కచ్చితం కాదని, రెండు అండర్‌స్కోర్లు పెడితే పేరు మారుతుందే తప్ప తాళం పడదని తెలుసుకోండి.

వారం రోజుల సాధన

మొదటి రోజు మీ ఉదాహరణ ఎంచుకోండి. యార్డే కానక్కర్లేదు. మీ నాన్న ఆటో నడిపితే ఆటో స్టాండు, అమ్మ కుట్టుపని చేస్తే కొలతల పుస్తకం, ఊళ్లో రేషన్ షాపు.. ఏదైనా సరే. రోజూ చూసినదైతే ఎంత లోతుగా అడిగినా ఆగిపోరు. మీరు చూడని విమానాశ్రయం తీసుకుంటే మూడో ప్రశ్నకే ఆగిపోతారు.

రెండో రోజు కాగితం మీద నాలుగైదు క్లాసులు గీయండి. ఏది ఈజ్ ఏ, ఏది హ్యాజ్ ఏ రాయండి. మూడు, నాలుగు రోజులు దాన్నే కోడ్‌గా రాసి రన్ చేయండి. రెండు వందల లైన్లు దాటనక్కర్లేదు. అయిదో రోజు దాన్ని మీరే చెడగొట్టండి. ప్రైవేట్ తీసేయండి, ఓవర్‌రైడ్ తీసేయండి. ఏ ఎర్రర్ వస్తుందో, ఎర్రర్ రాకుండా ఏ లెక్క తప్పుతుందో నోట్ చేసుకోండి. ‘లేకపోతే ఏమవుతుంది?’ అన్న ప్రశ్నలకు జవాబులన్నీ ఆ కాగితం మీదే ఉంటాయి.

ఆరో రోజు నోటితో చెప్పడం. ముందు తెలుగులో ఇంట్లోవాళ్లకు చెప్పండి. ‘నాన్నా, కాంటాకు సీలు ఎందుకేస్తారు?’ అని మొదలుపెట్టండి. ఆయనకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు అర్థమైనట్టే. ఆయన మీకు తెలియని విషయం ఒకటి చెప్పినా చెబుతారు, మీ డిజైన్ ఇంకా బాగుపడుతుంది. ఏడో రోజు అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో, చిన్న చిన్న వాక్యాల్లో చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. తెలుగు మీడియంలో చదివామన్న బెంగ చాలామందికి ఉంటుంది. టెక్నికల్ ఇంటర్వ్యూలో ముందు చూసేది ఆలోచన తిన్నగా ఉందా లేదా అన్నదే. విషయం స్పష్టంగా ఉంటే మామూలు ఇంగ్లిష్ సరిపోతుంది. విషయం లేకపోతే ఎంత మంచి ఇంగ్లిషైనా రెండో ప్రశ్న దాకానే నడుస్తుంది.

ఇంటర్వ్యూ గదిలో

ప్రశ్న వినగానే జవాబు మొదలుపెట్టకండి. ‘ఒక్క నిమిషం సార్, పేపర్ మీద చూపించొచ్చా?’ అని అడగండి. దాదాపు ఎవరూ కాదనరు. బొమ్మ గీస్తూ చెబితే మీకూ కంగారు తగ్గుతుంది. జవాబును మూడు ముక్కలుగా చెప్పండి: ఒక్క వాక్యంలో అర్థం, మీ ఉదాహరణ, అది లేకపోతే వచ్చే నష్టం. ఒకటిన్నర నిమిషంలో ముగించండి. మిగతాది వాళ్లే అడుగుతారు.

తెలియనిది అడిగితే అల్లేయకండి. ‘అది చదవలేదు మేడమ్, కానీ నా డిజైన్‌లో ఇలా చేసి చూస్తాను’ అనండి. ఇంటర్వ్యూయర్ మీ బొమ్మలో తప్పు పట్టినా నొచ్చుకోవద్దు. ‘ఒకే లాట్‌లో రెండు రకాల మిర్చి ఉంటే?’ అని అడిగారంటే మీ మీద ఆసక్తి పుట్టినట్టే. అప్పుడిక మీరు పాఠం ఒప్పజెప్పడం లేదు, ఇద్దరూ కలిసి డిజైన్ చేస్తున్నారు. ఉద్యోగంలో చేరాక రోజూ చేసేది అదే.

2020 డిసెంబరులో ఖమ్మంలో ఐటీ హబ్ మొదలైంది. హైదరాబాద్ ఎటూ ఉంది. ఎక్కడ ఇంటర్వ్యూ అయినా అడిగేవి ఇవే నాలుగు కాన్సెప్టులు. ఈసారి బోనకల్‌లో రైలెక్కాక ఫోన్‌లో నిర్వచనాలు తిరగేయొద్దు. బ్యాగులోంచి తెల్లకాగితం తీసి, మీ లాట్ క్లాసును ఇంకోసారి గీయండి. ఖమ్మం వచ్చేలోపు పూర్తయిపోతుంది.